బావిగట్టు ఎరుపుతో ఏడు చలికాలాలు: ఒక గ్లాడియోలస్ సంకరణ డైరీ

6 జనవరి 2019

ఈ డైరీ రాయవలసి రావడానికి కారణం ఒక బస్తా కుళ్ళిన దుంపలు. నిరుడు మే నెలలో తవ్వి, నీడపట్టున ఆరబెట్టి, వల సంచుల్లో పోసి చూరుకు వేలాడదీసిన, నోవాలక్స్ అనే పసుపు పువ్వుల గ్లాడియోలస్ రకం దుంపలను దసరా వెళ్ళాక నాటడానికి దించి చూస్తే, మూడింట ఒక వంతు పొట్టు కింద గోధుమరంగు మచ్చలతో, చేతిలోకి తీసుకుంటే బెండు ముక్కంత తేలికగా ఉన్నాయి. ఇది ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం పని. అది నేలలో ఏళ్ళ తరబడి బతికి ఉంటుంది. పొలంలో ఉన్నప్పుడు ఆకులను పసుపుబారుస్తుంది, నిల్వలో ఉన్నప్పుడు దుంపను లోలోపలే ఎండిన కుళ్ళుగా మారుస్తుంది. లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని మందు కలిపి దుంపలను అరగంట నానబెట్టి నాటడం నేను ఏటా చేస్తున్న పనే అయినా, అప్పటికే లోపలికి దిగిన తెగులును అది నా మడుల్లో ఆపలేకపోయింది.

చేవెళ్ల దగ్గర నాకున్నది 18 గుంటల ఎర్ర చల్కా నేల, ఒక బోరు, ఒక పాత దిగుడు బావి. డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, పువ్వులమ్మి బతకవలసిన అవసరం లేదు కానీ, పెట్టిన ఖర్చైనా తిరిగి రావాలన్న పట్టుదల మాత్రం ఉంది. హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో నా కట్టలు కొనే వ్యాపారి, కిందటి వారం నేను తీసుకుపోయిన గులాబి రంగు కాడలను అటూ ఇటూ తిప్పి చూసి, "సారూ, మాఘమాసం పెళ్ళిళ్ళకు పసుపన్న ఉండాలె, తెలుపన్న ఉండాలె. ఈ రంగు తెస్తే నేనేం జేసుకోను?" అన్నాడు. అతనికి కావలసిన పసుపు రంగు దుంపే నా నేలలో కుళ్ళిపోతున్నది.

మరోవైపు దిగుడు బావి గట్టున, ఈ నేల నేను కొనక ముందు నుంచీ, ఎవరూ నాటని, ఎవరూ తవ్వని ఒక ఎర్ర గ్లాడియోలస్ గుబురు ఉంది. పువ్వు చిన్నది, పై రేకు గొడుగులా ముందుకు వంగి ఉంటుంది, కాడ సన్నగా, కొంచెం వంకరగా పెరుగుతుంది, మార్కెట్టులో దానికి రూపాయి విలువ లేదు. అయితే ఎండాకాలమంతా ఎండి, వానాకాలమంతా నాని, ఏ మందూ ఎరగకుండా ఏటా చలికాలానికి లేచి పూస్తుంది. ఆ పై రేకు వంపును చూస్తే ఆఫ్రికాకు చెందిన గ్లాడియోలస్ డలేనీ జాతి రక్తం అందులో చాలా ఉన్నట్టు తోస్తుంది. 1841లో బెల్జియంలోని ఘెంట్ నగరం నుంచి వాన్ హూట్ నర్సరీ విడుదల చేసిన గాండవెన్సిస్ సంకరాలకు ఒక వైపు పూర్వీకురాలు ఆ జాతే. ఈనాడు మనం కట్టలు కట్టి అమ్ముతున్న పెద్ద పువ్వుల రకాలకు మూలం ఆ సంకరాలే. అంటే నేను చేయబోయేది కొత్త పనేమీ కాదు. పెద్దింటి పిల్లను మళ్ళీ పుట్టింటి వైపు చుట్టంతో కలపడం మాత్రమే.

దీనికి బావిగట్టు ఎరుపు అని పేరు పెట్టుకున్నాను. నోవాలక్స్ పసుపు పువ్వూ, కుళ్ళని ఈ ఎరుపు రకం దుంపా ఒకే మొక్కలో కావాలి.

13 జనవరి 2019

రేపు భోగి. తెల్లవారుజామున మంచు బాగా కురుస్తున్నది. ఆరున్నరకు తోటకు చేరేసరికి రేకులన్నీ తడిసి ఉన్నాయి. తడిలో పుప్పొడి ఉండకట్టి పనికిరాకుండా పోతుంది కనుక, ఎనిమిదింటి దాకా కూర్చొని, ఎండ తగిలాక పని మొదలుపెట్టాను.

గ్లాడియోలస్ కాడ మీద పువ్వులు కింది నుంచి పైకి రోజుకొకటి, రెండు చొప్పున విచ్చుకుంటాయి కాబట్టి, ఒకే కాడ మీద కింద పూర్తిగా విరిసినది, మధ్యలో రేపు విరియబోయేది, పైన ఆకుపచ్చ మొగ్గ ఒకేసారి దొరుకుతాయి. సంకరణకు కావలసింది రేపు విరియబోయే మొగ్గ. దాని రేకులను గోటితో మెల్లగా విడదీస్తే లోపల మూడే మూడు కేసరాలు, పుప్పొడి తిత్తులు ఇంకా పగలకుండా, పొడుగ్గా, ఒకదాని వెంట ఒకటి ఆనుకొని నిలబడి ఉంటాయి. వాటి వెనుక నుంచి కీలం దారంలా వస్తుంది. దాని కొస మూడు పాయలుగా చీలాలి కానీ ఈ దశలో ఆ పాయలు ఇంకా ముడుచుకొనే ఉంటాయి. ప్రకృతి ఇక్కడ మనకొక ఉపకారం చేసింది: ఈ మొక్కలో పుప్పొడి ముందు పండుతుంది, కీలాగ్రం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా విచ్చుకుంటుంది. కనుక కనుబొమలు తీసే పట్టకారుతో మూడు తిత్తులనూ కాడతో సహా లాగేస్తే, ఆ పువ్వు తన పుప్పొడితో తాను కట్టే ప్రమాదం ఉండదు. తేనెటీగలు మాత్రం ఊరుకోవు; అందుకని ఒక్కొక్క పువ్వుకూ వెన్న కాగితపు తొడుగు వేసి, దారంతో వదులుగా కట్టాను.

మర్నాటికో ఆ మర్నాటికో తొడుగు విప్పితే మూడు పాయలూ విచ్చుకొని, కొసలు చిన్న చెంచాల్లా వెడల్పై, అంచున సన్నని నూగుతో, వేలికి కొద్దిగా అంటుకునేటట్టు ఉంటాయి. బావిగట్టు ఎరుపు నుంచి అప్పుడే పగిలిన తిత్తిని తుంచి, దానితోనే నేరుగా మూడు పాయలకూ రాయడం నాకు కుంచె కంటే మేలనిపించింది. కుంచెలో సగం పుప్పొడి వెంట్రుకల్లోనే ఉండిపోతున్నది. మూడు పాయల కింద అండాశయంలో మూడు గదులు ఉంటాయి కాబట్టి, ఒక పాయను వదిలేయకుండా మూడింటికీ రాయడం మంచిది.

ఈ వారంలో నోవాలక్స్ తల్లిగా 38 పువ్వులకు ఎరుపు పుప్పొడి రాశాను. తిరగేసి, ఎరుపు తల్లిగా 12 పువ్వులకు పసుపు పుప్పొడి రాశాను. తల్లి కాడల పైభాగంలో మిగిలిన మొగ్గలన్నీ తుంచేశాను. పైన పూస్తూ ఉంటే కింద కాయకు బలం చాలదు.

2 మార్చి 2019

38లో 17 కాయలు నిలిచాయి. తిరగేసిన 12లో నాలుగే. ఐదారు వారాలకు కాయ ఆకుపచ్చ నుంచి గడ్డి రంగుకు తిరిగి, మొదట కొస దగ్గర మూడు చీలికలుగా విచ్చుకోవడం మొదలుపెడుతుంది. ఆ చీలిక కనిపించిన రోజే కోయాలి. ఒక్క రోజు ఆలస్యం చేసిన రెండు కాయల్లో గింజలు సగం గాలికి పోయాయి, ఎందుకంటే ఈ గింజ చుట్టూ ఉల్లిపొర లాంటి రెక్క ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూస్తే, ఆ పొర నడుమ కందిపప్పు కంటే చిన్న గుండ్రని గింజ నల్లగా కనబడితే అది గట్టి గింజ, పొర మాత్రమే ఉంటే తాలు. కాయకు సగటున 50 దాకా గట్టి గింజలు వచ్చాయి. కాగితపు కవర్లలో పోసి, కవర్లను గాజు సీసాలో పెట్టి, సీసాను ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో ఉంచాను.

20 అక్టోబరు 2019

బతుకమ్మ, దసరా అయిపోయాయి, రాత్రులు చల్లబడ్డాయి. కొబ్బరి పీచు పొట్టు, చివికిన పశువుల ఎరువు, ఇసుక సమంగా కలిపి వెడల్పాటి ట్రేలలో 600 గింజలు చల్లి, పైన వేలి గోరు మందాన ఇసుక కప్పాను. మూడు వారాల్లో 410 మొలిచాయి. మొలక చూస్తే గరిక పోచే. కూలికి వచ్చే ఆవిడ మొదటి రోజే రెండు వరుసలు కలుపు అనుకొని పీకేసి, తప్పు తెలిశాక నాకంటే ఎక్కువ బాధపడింది. ఆ రెండు వరుసలూ పోగా మిగిలిన లెక్కే 410.

ఈ సంవత్సరం వీటి నుంచి పువ్వు ఆశించకూడదు. నారు మొక్క మొదటి చలికాలమంతా కష్టపడి బఠాణీ గింజంత దుంప ఒకటి కట్టుకుంటుంది. రెండో ఏడు అది ఉసిరికాయంత అవుతుంది. మూడో ఏడు పూస్తుంది. సుమారు 4 సెంటీమీటర్ల అడ్డుకొలత వస్తేనే దుంప నమ్మకంగా కాడ వేస్తుంది.

24 మే 2020

మార్చి 25 నుంచి లాక్‌డౌన్. నేను నగరంలో చిక్కుకుపోయాను, తోట 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. పువ్వుల మార్కెట్టు మూతపడి, చుట్టుపక్కల రైతులు బంతినీ చేమంతినీ మడుల్లోనే వదిలేశారని ఫోన్లలో విన్నాను. నా నారుకు ఏడు వారాల పాటు ఎవరూ నీరు పెట్టలేదు. మామూలుగా ఏప్రిల్ దాకా ఆకుపచ్చగా ఉంచి, దుంప ఊరాక తడి ఆపవలసినది, ఈసారి మార్చి చివరికే ఆగిపోయింది.

ఇవాళ మట్టి జల్లెడ పట్టి వెతికితే 228 దుంపలు దొరికాయి. చాలావరకు మిరియపు గింజంత ఉన్నాయి. ఒక 30 మాత్రం అదే కరవులో శనగ గింజంత ఊరాయి. ఆ 30ని వేరే సంచిలో వేసి ఎర్ర దారం కట్టాను. నేను పెట్టాలనుకున్న పరీక్ష కాదు ఇది, అయినా ఫలితాన్ని పారేయడం ఎందుకు?

18 అక్టోబరు 2020

దుంపలను 4వ తేదీన బోదెల మీద నాటాను. 13వ తేదీ రాత్రి హైదరాబాదును ముంచిన వానే ఇక్కడా కురిసింది. కింది వైపు మూడు బోదెలు నీళ్ళలో రెండు రోజులు నిలిచాయి. కొట్టుకుపోయినవి కొన్ని కాలువలో దొరికాయి కానీ, ఏ సంచిలోవో తెలియదు గనుక వాటిని లెక్కలోంచి తీసేశాను.

9 మే 2021

161 దుంపలు. కరోనా రెండో దఫా వల్ల తోటలో ఒక్కణ్ణే తవ్వాను. ఫిబ్రవరిలో ఎర్ర దారం సంచిలోవి ఐదు, ఏడాది ముందే ఒక్కొక్కటి నాలుగేసి పువ్వులు పూశాయి. అన్నీ నారింజ రంగువే.

30 జనవరి 2022

మూడేళ్ళు కాచుకున్న రోజులు ఇవి. 161లో 118 పూశాయి. వాటిలో పసుపు ఒక్కటీ లేదు.

నిరాశ పడ్డాను కానీ ఆశ్చర్యపడలేదు, ఎందుకంటే పాఠం చెప్పిన వాణ్ణే. ఆఫ్రికా గ్లాడియోలస్ జాతుల్లో చాలావాటికి 30 క్రోమోజోములుంటే, మన తోట రకాలకు 60 ఉంటాయి. అంటే ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా గాక నాలుగు ప్రతులుగా ఉంటుంది. పసుపును అణగి ఉండే ఒకే లక్షణంగా, ఎరుపును పైచేయిగా అనుకొని లెక్క వేస్తే, మొదటి తరం మొక్కలన్నిటిలో రెండు ప్రతులు ఎరుపువి, రెండు పసుపువి ఉంటాయి, చూడటానికి అన్నీ ఎరుపు వైపే మొగ్గుతాయి. ఈ మొదటి తరాన్ని తనలో తాను కడితే పసుపు 36లో ఒకటి మాత్రమే వస్తుంది. రెండు ప్రతుల మొక్కల్లో మెండెల్ బఠాణీలకు వచ్చినట్టు నాలుగింట ఒకటి రాదు. అదే మళ్ళీ పసుపు తల్లికి కడితే ఆరింట ఒకటి రావాలి. పువ్వు రంగు నిజానికి ఒక్క జన్యువు పని కాదు కాబట్టి ఇవి ఉజ్జాయింపు లెక్కలే అయినా, దారి మాత్రం స్పష్టంగా చూపిస్తాయి: తిరిగి నోవాలక్స్‌కే కట్టాలి.

118లో తొమ్మిదింటిని ఎంచాను. అందులో రెండింటి గురించి రాయాలి.

27వ నంబరు చూడగానే కాళ్ళు ఆగిపోయే మొక్క. సాల్మన్ గులాబి రంగు, గొంతులో పసుపు మెరుపు, కాడ మీద 16 మొగ్గలు, అన్నీ ఒకే ముఖంగా తిరిగి, మధ్యాహ్నపు ఎండలో కూడా అంచులు కమలకుండా నిలిచాయి. మా ఆవిడ చూసి, "ఇంకేం కావాలండీ, దీనికే పేరు పెట్టేయండి" అంది. 61వ నంబరు చూస్తే ఎవరూ ఆగరు. ఇటుక రంగు, 11 మొగ్గలు, పై రేకుకు బావిగట్టు ఎరుపు గొడుగు వంపు ఇంకా పోలేదు. దాన్ని ఉంచడానికి ఒకే కారణం, నిరుడు మేలో తవ్వినప్పుడు దాని దుంప అరచేతిలో రాయిలా బరువుగా ఉండి, చుట్టూ 40కి పైగా పిల్ల దుంపలు వేలాడుతూ ఉండటం. పక్కన రాసుకున్న ఆ మాట ఈ రోజు పాత పుటలో కనబడకపోయి ఉంటే పీకేసేవాణ్ణి.

నోవాలక్స్ తల్లిగా 27 పుప్పొడితో 24 పువ్వులు, 61 పుప్పొడితో 24 పువ్వులు కట్టాను. నిజం చెప్పాలంటే మొదటిది ఇష్టంగా, రెండోది మొహమాటానికి.

వ్యాపారికి 27 కాడ ఒకటి చూపించాను. "రంగు మంచిగుంది సారూ, కానీ పసుపు గాదు గదా" అన్నాడు.

16 అక్టోబరు 2022

రెండు పనులు చేశాను. మొదటిది, కొత్త గింజలు 27 కుటుంబం 200, 61 కుటుంబం 200 వేరువేరు ట్రేలలో చల్లాను. కలుపు తీసే పని ఈసారి నాది.

రెండోది తెగులు మడి. తోటలో అన్నిటికంటే పల్లపు మూలను, అక్కడి నీరు మిగతా మడుల వైపు రాకుండా గట్టు వేసి, అడుగు లోతు తవ్వి, రెండేళ్ళుగా దాచిన కుళ్ళిన దుంపలను కత్తిపీటతో తరిగి మట్టిలో కలిపాను. ఆ మడిలోకి వాడిన పార, కొడవలి వేరే పెట్టి, పిడికి నల్ల రంగు పూశాను. ఎంచిన తొమ్మిదింటి నుంచి తలా పది పిల్ల దుంపలు, పోలికకు నోవాలక్స్ పది, బావిగట్టు ఎరుపు పది నాటాను. పిల్ల దుంపల పొట్టు గట్టిగా ఉండి కొన్ని నెలల తరబడి మొలవకుండా పడి ఉంటాయి కనుక ముందు రాత్రి నీళ్ళలో నానబెట్టాను. మందు మాత్రం ముంచలేదు.

ఇంతకాలం దుంపలను కాపాడటానికి ఎంత శ్రమ పడ్డానో, ఇవాళ వాటిని చంపే మడి సిద్ధం చేయడానికి అంత శ్రమ పడ్డాను. పువ్వును ఎంచక ముందే ఈ మడి వేసి ఉండవలసింది.

23 ఏప్రిల్ 2023

తెగులు మడి తవ్వాను. దీని గురించి వివరంగా రాస్తాను.

27వ నంబరువి పదిలో తొమ్మిది మొలిచాయి. ఫిబ్రవరిలోనే కింది ఆకులు కొసల నుంచి పసుపెక్కి, నరాల మధ్య పచ్చదనం చారలు చారలుగా పోయి, కొన్ని కొడవలిలా వంగాయి. ఇవాళ మట్టి విదిలిస్తే దొరికినవి నాలుగు. మొదటిది పైకి బాగానే ఉంది. పొట్టు వలిస్తే అడుగు చక్రం చుట్టూ, పాత దుంప అతుక్కున్న చోట, రాగి కాసంత మచ్చ ఒకటి వలయాలు వలయాలుగా కనిపించింది. చాకుతో నిలువుగా కోస్తే ఆ మచ్చ నుంచి ముదురు గోధుమరంగు గీత నడుమ దాకా పాకి, అక్కడి నుంచి పక్కలకు చీలింది. కోసిన ముఖం తెల్లగా, తడిగా మెరవవలసింది పోయి చెక్కలా పొడిగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత గోనెసంచి వాసన. మిగతా మూడు కోయక్కర లేకుండానే తెలిశాయి.

నోవాలక్స్ పదిలో రెండు మిగిలాయి. బావిగట్టు ఎరుపు పదికి పదీ. 61వ నంబరువి తొమ్మిది దొరికితే ఎనిమిదింటిని కోసినా మచ్చ లేదు. తొమ్మిదో దానిని కోయడానికి మనసొప్పలేదు. తక్కిన ఏడు నంబర్లలో ఒకటి మధ్యస్థం, ఆరు పనికిరానివి.

అంటే 27 మీద పెట్టిన సంకరణ, దాని 200 గింజలు, ఆరు నెలల నీరు, అన్నీ చూపుకు మోసపోయిన ఖర్చు కింద రాసుకోవలసిందే. ఆ కుటుంబం మొత్తాన్ని తీసేయాలి. అయినా 20 దుంపలు ఉంచుకున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి సమాధానం లేదు.

12 నవంబరు 2023

పందికొక్కులు. దీపావళి ముందు రాత్రి 61 కుటుంబంలో రెండు వరుసలు బొరియ తవ్వి తినేశాయి. నాటినవి 131, ఉన్నవి 96. చుట్టూ అడుగు లోతున ఇనుప జాలి పాతించాను. ఈ పని మొదటి ఏడే చేయవలసిందని అందరూ ఇప్పుడు చెబుతున్నారు.

18 ఫిబ్రవరి 2024

ముందుగా పూసినవి ఏడు. వాటిలో ఒకటి పసుపు! కాడ పొట్టిది, పువ్వులు ఐదే, వాటిలోనూ రెండిటిని తామర పురుగులు గీకి వెండి చారలు పెట్టాయి. అయినా పసుపే. నంబరు 61-14.

ఆకు కొసలు కొన్నింటికి ఎండినట్టు కనిపిస్తే తెగులేమో అని భయపడ్డాను. ఆలోచిస్తే ఈసారి బోదెల్లో సింగిల్ సూపర్ ఫాస్ఫేటు అనే భాస్వరం ఎరువు ఎక్కువ పడింది. అందులోని ఫ్లోరైడు గ్లాడియోలస్‌కు సరిపడదు. వచ్చే ఏడు భాస్వరం వేరే రూపంలో వేస్తాను.

13 అక్టోబరు 2024

ఈసారి వరుస మార్చాను. 61 కుటుంబంలో ఉన్న ప్రతి మొక్కకూ నిరుడు కనీసం రెండు మూడు పిల్ల దుంపలైనా వచ్చాయి; అవన్నీ ఇవాళే తెగులు మడిలోకి వెళ్ళాయి, తల్లి దుంపలు మంచి మడిలోకి వెళ్ళాయి. పువ్వు, దుంప ఒకే చలికాలంలో విడివిడిగా పరీక్షకు కూర్చుంటాయి. దుంప ఫలితం రాకముందు ఏ పువ్వుకూ ఎర్ర దారం కట్టకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. మోహం తీరక ఉంచుకున్న 27 సంతతి పిల్ల దుంపలూ మడిలోనే పడ్డాయి.

9 ఫిబ్రవరి 2025

72 పూశాయి. పసుపు, పసుపుకు దగ్గరివి తొమ్మిది. ఆరింట ఒకటి లెక్కకు పన్నెండు రావాలి. తొమ్మిది అంటే నాకు చాలినంత దగ్గర.

ఈ తొమ్మిదింటిలో అందగత్తె 61-33. నిమ్మపండు పసుపు, అంచులు చెక్కినట్టు అలలుగా, 15 మొగ్గలు. ఎర్ర దారం చేతిలోనే ఉంది, కట్టలేదు.

61-14 ఈసారి నిండుగా పూసింది. వెన్న రంగుకు ఒక మెట్టు పైనుండే లేత పసుపు. కింది రేకుల మీద గొంతు నుంచి బాణం మొనలా ఎర్రని గుర్తు. బావిగట్టు అవ్వ ముద్ర అది. పువ్వు అడ్డుకొలత 9.5 సెంటీమీటర్లు. ఉత్తర అమెరికా గ్లాడియోలస్ మండలి పద్ధతిలో మూడంకెల సంఖ్య ఇవ్వాలంటే 313 అవుతుంది: మొదటి 3 మధ్య సైజు పువ్వుకు, 1 పసుపు వర్గానికి, చివరి అంకె బేసి కావడం స్పష్టమైన మచ్చ ఉన్నందుకు. కాడ 95 సెంటీమీటర్లు, 13 మొగ్గలు. వెదురు ఊత లేకుండా నిలబడింది. కింది మొగ్గ రంగు చూపగానే, కింద నాలుగు ఆకులు మొక్కకే వదిలి కోసిన రెండు కాడలను ఇంట్లో ఇత్తడి చెంబులో పెడితే, చివరి పువ్వు పదో రోజున వాడింది. మరో కాడను కావాలనే రాత్రంతా నేల మీద పడుకోబెట్టాను. గ్లాడియోలస్ కాడను అడ్డంగా ఉంచితే కొస వెలుపలికి, పైకి వంగిపోతుంది, మార్కెట్టులో అది లోపం కింద లెక్క. వంగింది, కానీ నోవాలక్స్ కంటే తక్కువ.

వ్యాపారికి రెండు కాడలూ చూపించాను, ఏది ఏదో చెప్పకుండా. 61-33ని ముందు తీసుకొని, 61-14ను తర్వాత తీసుకొని, ఆ ఎర్ర గుర్తును వేలితో చూపించి, "ఇది కుంకుమ బొట్టు లెక్క ఉన్నది సారూ. పెళ్ళిపీటల కాడ మంచిగుంటది" అన్నాడు. ఎన్ని కట్టలు తేగలరని అడిగాడు. రెండు కాడలే ఉన్నాయని చెబితే నవ్వాడు.

27 ఏప్రిల్ 2025

తెగులు మడి. 61-33 పిల్ల దుంపలు మూడూ కుళ్ళాయి. చాకు తెరవకుండానే తెలిసింది. పొట్టు చేతిలోనే ఊడి వచ్చింది. 27 సంతతి ఒక్కటీ మిగలలేదు.

61-14వి మూడు నాటితే మూడూ ఉన్నాయి. కోసి చూసిన ఒక్కటీ లోపల కొబ్బరి ముక్కలా తెల్లగా ఉంది. తొమ్మిది పసుపుల్లో ఇలా మిగిలినవి ఇదీ, పాలిపోయిన రంగున్న 61-50 ఒకటీ. మంచి మడిలోని 61-14 తల్లి దుంప కింద రెండు పెద్ద దుంపలు కట్టాయి, వాటి చుట్టూ లెక్కపెడితే 57 పిల్ల దుంపలు. నోవాలక్స్ నా నేలలో ఇరవై దాటి ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇంకా దీనిని రకం అనడానికి వీల్లేదు. గ్లాడియోలస్ దుంపతో పెరుగుతుంది కాబట్టి గోధుమలోలా తరాల తరబడి లక్షణాలను స్థిరపరచే పని లేదు. ఒక్క మొక్క నచ్చితే దాని దుంపలన్నీ ఆ మొక్కే. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అప్సర, నజరానా రకాలు రెండూ బ్లాక్ జాక్, ఫ్రెండ్‌షిప్ అనే ఒకే జంటకు పుట్టినవే. ఒకే కాపురంలో పుట్టిన ఇద్దరు పిల్లలు వేరువేరు పేర్లతో నిలబడ్డారంటే కారణం దుంప ద్వారా పెంచడమే. అయితే వేరే నేలల్లో, వేరే చేతుల్లో ఇలాగే ఉంటుందా అన్నది చూడాలి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద నమోదు చేయించాలన్నా, ఇది ఉన్న రకాలకు భిన్నమని, మొక్కలన్నీ ఒకే తీరుగా ఉంటాయని, ఏటేటా మారదని చూపించాలి. దానికి మొక్కలు వందల్లో కావాలి. వచ్చే అక్టోబరులో పిల్ల దుంపలను మూడు భాగాలు చేసి, ఒకటి ఇక్కడ, ఒకటి మొయినాబాదు వైపు నల్ల నేలలో పువ్వులు పెంచే మిత్రుడి దగ్గర, ఒకటి తెగులు మడిలో నాటుతాను. పేరు అప్పటిదాకా 61-14 మాత్రమే.

పందికొక్కుల భయంతో ఈ ఒక్క సంచిని చూరుకు కట్టకుండా ఇంటికి తెచ్చి, గాలి తగిలే చోటని వంటింటి కిటికీ పక్కన వేలాడదీశాను. మూడో రోజు మా ఆవిడ సంచి దించి చూసి, "చిన్న ఉల్లిగడ్డలు తెచ్చారనుకొని పులుసులోకి వలవబోయాను" అంది. ఇప్పుడు సంచికి అల్యూమినియం రేకు బిళ్ళతో పాటు, పెద్ద అక్షరాలతో ఒక అట్టముక్క కూడా కట్టి ఉంది: "కూర కాదు."